సముద్రం ఉందన్న ధీమా

విశాఖపట్నంలో గాలి కాలుష్యం గురించి ఎక్కడ మాట మొదలైనా, కాసేపటికి ఎవరో ఒకరు "మనకేం, పక్కనే సముద్రం ఉంది కదా" అంటారు. ఢిల్లీకి సముద్రం లేదు కనుక అక్కడి పొగ అక్కడే ఊరిపోతుందని, మన పొగ మాత్రం సాయంత్రానికల్లా బంగాళాఖాతంలో కలిసిపోతుందని ఈ మాట వెనుక ఉన్న నమ్మకం. ఈ ఊళ్ళో పెరిగినవాడిగా నేనూ ఆ గాలిని ఇష్టపడతాను. మే నెల మధ్యాహ్నం అది రాకపోతే ప్రాణం ఎలా విలవిలలాడుతుందో నాకు తెలుసు. అయినా ఆ నమ్మకంలో ఉన్నది సగం నిజమేననీ, మిగిలిన సగాన్ని లెక్కలోకి తీసుకోకుండానే ఈ నగరంలో పరిశ్రమలకు స్థలాలు, చిమ్నీలకు ఎత్తులు, కాలుష్యానికి హద్దులు నిర్ణయిస్తూ వచ్చారనీ నా అభియోగం. మనం పీల్చే గాలి ఎంత చెడిందన్నది ఏడాదికి ఎన్ని టన్నుల పొగ వదిలామన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, ఆ పొగను ఏ గంటలో, ఎంత లోతున్న గాలిలోకి, ఏ దిక్కుకు కదులుతున్న గాలిలోకి వదిలామన్న దాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. మొదటిదాన్ని కాగితాల మీద లెక్కపెడుతున్నాం. రెండోదాన్ని దైవాధీనంగా వదిలేశాం.

ముందు లోతు సంగతి చూద్దాం. ఆకాశం అనంతం అన్నట్టుగా మాట్లాడతాం కానీ, వాతావరణంలోని మొత్తం గాలి బరువులో సగం నేల నుంచి సుమారు ఐదున్నర కిలోమీటర్ల లోపే ఉంది. మేఘాలు, వానలు, తుఫానులు అన్నీ పుట్టే ట్రోపో ఆవరణం మన అక్షాంశాల దగ్గర 16 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉంటుంది. అయితే నేల మీద వదిలిన పొగకు అందులో చాలా కొద్ది భాగమే దక్కుతుంది. ఎండ కాసినప్పుడు నేల వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది, పై గాలి కిందికి దిగుతుంది. ఈ కలయిక ఎంత ఎత్తు వరకు సాగుతుందో అంత మేరకే పొగ పలచబడుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలు దీన్ని మిక్సింగ్ హైట్ అంటారు. ఎండాకాలం మధ్యాహ్నం లోతట్టు ప్రాంతాల్లో అది రెండు మూడు కిలోమీటర్లు ఉండవచ్చు. చలికాలపు రాత్రి అదే ఎత్తు నూరు, నూట యాభై మీటర్లకు పడిపోవచ్చు.

ఎందుకు పడిపోతుందంటే, సూర్యాస్తమయం తరువాత నేల తన వేడిని ఆకాశంలోకి ప్రసరింపజేస్తూ త్వరగా చల్లబడుతుంది, దానితోపాటు నేలను తాకుతున్న గాలీ చల్లబడుతుంది. మామూలుగా ఎత్తుకు పోయే కొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గవలసిన ఉష్ణోగ్రత, ఇలాంటి రాత్రుల్లో నేల దగ్గర తక్కువగా, పైన ఎక్కువగా ఉంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కింద ఉన్న చల్లటి గాలి బరువైనది, పైనున్న వెచ్చటి గాలి తేలికైనది. బరువైనది పైకి పోదు, తేలికైనది కిందికి రాదు. ఈ అమరికలో కదలిక ఉండదు. మేఘాలు లేని, గాలి వీచని, పొడిగా ఉన్న రాత్రుల్లో ఇది గట్టిపడుతుంది. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇలాంటి రాత్రులే ఎక్కువ.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మిక్సింగ్ హైట్‌ను గాలి వేగంతో గుణిస్తే వచ్చే అంకెను వెంటిలేషన్ ఇండెక్స్ అంటారు. మధ్యాహ్నం 1500 మీటర్ల లోతు, సెకనుకు ఐదు మీటర్ల గాలి ఉన్నాయనుకుంటే అది 7500 అవుతుంది. తెల్లవారుజామున 150 మీటర్ల లోతు, సెకనుకు ఒక్క మీటరు గాలి ఉంటే 150 అవుతుంది. ఒకే చిమ్నీ, ఒకే పొగ, ఒకే అనుమతి పత్రం. పీల్చేవాడి ముక్కు దగ్గర మాత్రం తేడా యాభై రెట్లు. ఢిల్లీకి రోజూ విడుదల చేసే గాలి నాణ్యత ముందస్తు అంచనాలో ఈ ఇండెక్స్ 6000 కన్నా తక్కువగా, గాలి వేగం గంటకు పది కిలోమీటర్ల కన్నా తక్కువగా ఉంటే కాలుష్యం చెదిరిపోవడానికి అననుకూలమని స్పష్టంగా రాస్తారు. ఆ లెక్కన చూస్తే సముద్రం పక్కన ఉన్న ఊరికైనా రోజులో చాలా గంటలు అననుకూలమే.

సముద్రపు గాలి వీచినంతసేపూ మనం క్షేమమేనా అన్నది తరువాతి ప్రశ్న. నీటిని వేడెక్కించడానికి నేలను వేడెక్కించడానికన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ వేడి కావాలి, పైగా సముద్రంలో ఆ వేడి చాలా లోతు వరకు పంచుకోబడుతుంది. అందువల్ల పగలు నేల ఎనిమిది, పది డిగ్రీలు వేడెక్కినా సముద్రపు ఉపరితలం ఒక డిగ్రీ వేడెక్కడమే గగనం. నేల మీది గాలి పైకి లేవగానే ఆ లోటును పూరించడానికి సముద్రం మీది చల్లటి గాలి ఒడ్డుకు వస్తుంది. రాత్రి ఇదే తిరగబడి, నేల మీది చల్లటి గాలి సముద్రం వైపు మెల్లగా జారుతుంది. పాఠ్యపుస్తకాల్లో సముద్ర పవనం, భూపవనం అని రెండు బొమ్మలు వేసి ఇక్కడితో ఆపేస్తారు. విశాఖకు కావలసిన పాఠం సరిగ్గా ఆ తరువాతే మొదలవుతుంది.

సముద్రం మీది నుంచి వచ్చే గాలి చల్లగా, పొరలు పొరలుగా, నిలకడగా ఉంటుంది. దానిలో పైకీ కిందికీ కలయిక తక్కువ. అది వేడి నేల మీదికి రాగానే కింది భాగం మాత్రం ఉడుకుతున్నట్టు కలగలవడం మొదలవుతుంది. తీరం దగ్గర ఈ కలయిక పొర చాలా పలచగా ఉండి, లోపలికి పోయే కొద్దీ మందమవుతుంది. ఒడ్డున ఉన్న ఎత్తైన చిమ్నీ నుంచి వచ్చిన పొగ మొదట ఈ పొరకు పైన, నిలకడగా ఉన్న గాలిలో సన్నటి పాయలాగా ప్రయాణిస్తుంది. కొన్ని కిలోమీటర్లు పోయాక ఎదిగిన పొర దాన్ని అందుకుంటుంది. అందుకోగానే అప్పటివరకు పలచబడని ఆ పొగ ఒక్కసారిగా నేలకు దిగుతుంది. చిమ్నీ పక్కన ఉన్నవారికి ఏమీ తెలియకపోయినా, లోపల ఉన్న కాలనీలో కళ్ళు మండడం దీనివల్లే సాధ్యమవుతుంది. ఉదయం ఎండ ఎక్కి రాత్రి విలోమం కరుగుతున్న గంటలో కూడా ఇలాగే జరుగుతుంది: రాత్రంతా పైన నిలిచిపోయిన పొగ, కలయిక మొదలవగానే కిందికి దిగుతుంది. పిల్లలు బడి బస్సుల కోసం నిలబడే వేళ అదే కావడం మన దురదృష్టం.

సాయంత్రానికి సముద్రంలో కలిసిపోతుందన్న మాటకూ ఇక్కడే జవాబుంది. రాత్రి భూపవనం తీసుకుపోయిన పొగ సముద్రం మీద మాయమైపోదు. నీటి మీద దాన్ని పైకి లేపి పలచబరిచే వేడి లేదు కనుక అందులో చాలా భాగం తక్కువ ఎత్తులోనే నిలిచి ఉండి, మరునాడు పదీ పదకొండు గంటలకు సముద్ర పవనం లేచినప్పుడు దానితోపాటు తిరిగి వస్తుంది. బలమైన ఋతుపవనమో, అల్పపీడనమో వచ్చి ఈ రాకపోకలను తెంచితే తప్ప నిన్నటి పొగకు ఇవాళ్టి పొగ తోడవుతూనే ఉంటుంది.

దీనికి కొండలు తోడయ్యాయి. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరుస, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన యారాడ కొండలు, మధ్యలో గిన్నెలా ఉన్న పల్లం. సహజమైన ఓడరేవుకు కావలసిన మరుగు ఆ కొండలే ఇచ్చాయి, అందుకే 1933లో అక్కడ పోర్టు వచ్చింది. పోర్టు ఉంది కనుక 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1960లలో ఎరువుల కర్మాగారం, ఆపైన ఇప్పుడు మూతపడిన జింకు కర్మాగారం వచ్చాయి. ఓడలను గాలి నుంచి కాపాడే కొండలే పొగకు గాలి అందకుండా చేస్తాయన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ రాకపోవడంలో వింత లేదు. తెలిసిన తరువాత కూడా ఆ గిన్నెలోనే విస్తరణలకు అనుమతులిస్తూ పోవడమే వింత.

సముద్రం ఉన్న ఊళ్ళన్నీ క్షేమంగా లేవనడానికి సాక్ష్యం కావాలంటే లాస్ ఏంజెలెస్ చాలు. ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం, మిగతా వైపుల కొండలు. 1943 జూలైలో ఆ నగరాన్ని కమ్మిన పొగకు కళ్ళు మండి, జనం శత్రువులు విషవాయువు వదిలారేమోనని భయపడ్డారు. అది వాహనాలు, చమురు కర్మాగారాలు వదిలిన వాయువులు ఎండలో చర్యజరిపి ఓజోన్‌గా మారడం వల్ల వచ్చినదని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల తొలినాళ్ళలో తేల్చారు. అక్కడి విలోమానికి చల్లటి సముద్ర ప్రవాహం, పై నుంచి దిగే పొడిగాలి కారణాలు; మనది ప్రధానంగా రాత్రి చల్లబడే నేల వల్ల వచ్చేది. కారణం వేరైనా ఫలితం ఒక్కటే, మూత పడ్డ గిన్నె. దగ్గరి ఉదాహరణ ముంబయి. 2022-23 చలికాలంలో గాలుల వేగం మందగించి, నేల గాలి సముద్ర గాలిగా మారడం ఆలస్యమైన రోజుల్లో ఆ నగరం గాలి వారాల తరబడి చెడింది. సముద్రం అంతకుముందు ఎక్కడుందో అప్పుడూ అక్కడే ఉంది.

ఇక దిక్కు సంగతి. నైరుతి ఋతుపవనాల కాలంలో మన తీరం మీద గాలి పేరుకు తగ్గట్టు నైరుతి, పడమర దిక్కుల నుంచి వీస్తుంది. ఉక్కు కర్మాగారం, పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రం, దాని చుట్టూ ఉన్న మందుల కర్మాగారాలు నగరానికి ఏ దిక్కున ఉన్నాయో పటం తీసి చూడండి: నైరుతినే. వానలు కొంత కడిగి, బలమైన గాలి కొంత చెదరగొట్టి ఆ నెలల్లో మనల్ని కాపాడుతున్నాయి తప్ప, స్థలాల ఎంపిక కాదు. చలికాలంలో ఈశాన్యపు గాలి వస్తే అది ఉత్తర భారతపు మైదానాల నుంచి బంగాళాఖాతం మీదుగా తేలివచ్చే మసక పొరను కూడా వెంటబెట్టుకొస్తుంది. ఇది మన తప్పు కాదు కనుక మన బాధ్యత కాదనే వాదన ఒకటుంది. నాకు అర్థమైనంతలో దాని తాత్పర్యం తలకిందులుగా ఉండాలి: బయటి నుంచి వచ్చేదాన్ని ఆపలేం కనుక, ఆ నెలల్లో మనం కలపగలిగినది ఇంకా తక్కువ.

గాలి స్థితిని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఊహలు అక్కరలేదు. 2020 మే 7న తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటపడింది. 12 మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ట్యాంకు ఎందుకు వేడెక్కిందన్న దాని మీద కమిటీలు విచారించాయి, అది అవసరమే. గాలి వైపు నుంచి చూస్తే మరో రెండు సంగతులు కనిపిస్తాయి. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా మూడున్నర రెట్లు పైగా బరువైనది కనుక పైకి పోకుండా నేలబారుగా, పల్లం వైపు పాకుతుంది. రెండోది ఆ వేళ. రాత్రి మూడు గంటలంటే నేలను ఆనుకున్న గాలిలో కదలిక అతి తక్కువగా ఉండే సమయం, మనుషులు కిటికీలు తీసుకుని పడుకునే సమయం కూడా. అదే ప్రమాదం ఎండ కాస్తున్న మధ్యాహ్నం రెండింటికి, సముద్రపు గాలి బలంగా ఉన్నప్పుడు జరిగి ఉంటే ఆవిరి ఇంకా త్వరగా పలచబడేది. 1984 డిసెంబరులో భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ బయటపడినదీ చలికాలపు అర్ధరాత్రే, ఆ వాయువు కూడా గాలి కన్నా రెట్టింపు బరువైనదే. ముప్పై ఐదేళ్ళ తేడాతో జరిగిన రెండు ప్రమాదాల్లో గాలి ఒకే విధంగా ప్రవర్తించింది. దాని స్వభావం రహస్యమేమీ కాదు.

ప్రమాదాలు అరుదు, రోజువారీ గాలి వేరు అంటారా, అయితే రోజువారీ కొలతల తీరు చూద్దాం. 2014లో ప్రకటించిన మన గాలి నాణ్యతా సూచీ ఎనిమిది కాలుష్యకాలను చూసి, వాటిలో అన్నిటికన్నా చెడ్డదాన్ని బట్టి రంగు నిర్ణయిస్తుంది. సామాన్యుడికి అర్థమయ్యేలా చేయడంలో అది మంచి పనే. కానీ సూక్ష్మధూళికి అది వాడేది 24 గంటల సగటు. ఒక ఉదాహరణ ఊహించండి: తెల్లవారుజాము నుంచి నాలుగు గంటల పాటు పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి (మైక్రాన్ మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాములు, మిగతా ఇరవై గంటలు 30. రోజు సగటు 50 వస్తుంది. మన దేశపు 24 గంటల ప్రమాణం 60 కనుక ఆ రోజు సూచీలో "సంతృప్తికరం". ఆ నాలుగు గంటలే నడకకు వెళ్ళిన పెద్దాయనకూ, రోడ్డు ఊడ్చిన పారిశుద్ధ్య కార్మికురాలికీ ఆ సంతృప్తి ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇదే 24 గంటల విలువను 15కి తగ్గించిందని కూడా గుర్తుంచుకోవాలి.

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలున్నాయి, విశాఖ అందులో ఒకటి. ఆ కార్యక్రమం ప్రగతిని ఎక్కువగా పీఎం 10 వార్షిక సగటుతో కొలుస్తున్నారు. పీఎం 10 అంటే పది మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి. అందులో పెద్ద రేణువులు రోడ్ల నుంచి, కట్టడాల నుంచి, బొగ్గు కుప్పల నుంచి లేచి కొన్ని గంటల్లో కిందపడతాయి. అందుకే డబ్బంతా రోడ్లు ఊడ్చే యంత్రాలకూ నీళ్ళు చల్లే బండ్లకూ పోతుంది. పాతనగరం, జ్ఞానాపురం వాసులు ఏళ్ళ తరబడి చెబుతున్న నల్లటి ధూళి బాధ నిజమైనదే, దాన్ని తగ్గించడమూ న్యాయమే. ఈ అంకెలో సముద్రపు ఉప్పు కూడా కొంత ఉంటుందని పరిశ్రమల వారు అనేదీ అబద్ధం కాదు. కానీ ఊపిరితిత్తుల అడుగు దాకా పోయేది కంటికి కనిపించని సన్నటి ధూళి, అది నీళ్ళు చల్లితే పోయేది కాదు, రోజుల తరబడి గాలిలో తేలేది. దానిలో చాలా భాగం చిమ్నీలోంచి ధూళిగా కూడా రాదు, వాయువుగా వచ్చి దారిలో ధూళిగా మారుతుంది.

ఈ మార్పే ఎత్తైన చిమ్నీల కథను తేల్చేస్తుంది. మన దేశంలో 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్లున్న బొగ్గు విద్యుత్ కేంద్రాలకు 275 మీటర్ల చిమ్నీ ఉండాలన్నది నియమం. రాత్రి విలోమానికి పైన పొగ వదలడం వల్ల దగ్గరి ఊళ్ళకు మేలు జరుగుతుందన్నది నిజం. అయితే పొగ తగ్గలేదు, దూరం మాత్రమే పోయింది. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఒకటి రెండు రోజుల్లో సల్ఫేట్ ధూళిగా మారుతుంది. సెకనుకు ఐదు మీటర్ల గాలి రోజుకు 430 కిలోమీటర్లు పోతుంది, అంటే విశాఖలో బయలుదేరినది విజయవాడ దాటేంత దూరం. బ్రిటన్ తన నగరాల గాలి బాగుపడాలని చిమ్నీలు పెంచితే ఆ గంధకం స్కాండినేవియా చెరువుల్లో ఆమ్లవర్షమై కురిసిందని 1960ల చివర్లోనే బయటపడింది. అయినా కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో సల్ఫర్ డయాక్సైడ్‌కు పెట్టిన హద్దులను ఏళ్ళ తరబడి వాయిదా వేసి, చివరికి 2025 జూలైలో చాలా విద్యుత్ కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది, చిమ్నీ ఎత్తు నియమం పాటిస్తే చాలన్నది. పది లక్షల జనాభా దాటిన నగరానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం నిబంధన తప్పనిసరి. ఆ పది కిలోమీటర్ల గీతను గాలి సుమారు అరగంటలో దాటేస్తుంది.

ఇలా వాతావరణాన్ని ముందుకు తెస్తే, "మా తప్పేం లేదు, గాలి ఆడలేదు" అని కర్మాగారాలు తప్పించుకోవడానికి దారి దొరుకుతుందని కొందరు మిత్రులు హెచ్చరిస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ చలికాలంలో గాలి ఆడదన్నది ముందే తెలిసినప్పుడు అది సాకు ఎలా అవుతుంది? తుఫాను వస్తుందని తెలిసీ క్రేన్లు కట్టకుండా వదిలేసిన రేవు అధికారిని ఎవరూ క్షమించరు. అనుమతి ఇచ్చేటప్పుడు ఏడాది సగటు గాలిని కాకుండా జనవరి తెల్లవారుజామున ఉండే గాలిని ప్రమాణంగా తీసుకోవాలి. అప్పుడు చాలా విస్తరణలకు ఆ గిన్నెలో చోటు లేదని తేలవచ్చు. తేలనివ్వండి. బొగ్గు ఎగుమతి దిగుమతులు, ట్యాంకుల శుభ్రత, కొలిమి ఆపి మళ్ళీ మొదలుపెట్టడం వంటి పనులకు సమయం ఎంచుకునే వీలుంటుంది. అవి గాలి నిలిచిన గంటల్లో చేయకూడదని షరతు పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు.

దీనికి కావలసిన సమాచారం కూడా కొత్తగా పుట్టించవలసినది కాదు. ప్రపంచమంతటా వాతావరణ కేంద్రాలు ఒకే సమయానికి బెలూన్లు వదిలి పై గాలుల ఉష్ణోగ్రత, తేమ, వేగం కొలుస్తాయి. మన గడియారం ప్రకారం అది ఉదయం 5:30, సాయంత్రం 5:30. విశాఖపట్నం ఆ కేంద్రాల జాబితాలో ఉంది. ఉదయం 5:30 అంటే సరిగ్గా విలోమం గట్టిగా ఉండే వేళ. ఏ ఎత్తున మూత పడిందో ఆ కొలత చెబుతుంది. కాలుష్య నియంత్రణ మండలి గాలి సూచీ పక్కనే ఆ ఎత్తునూ వెంటిలేషన్ ఇండెక్స్‌నూ ప్రకటించి, ఫలానా విలువ కన్నా తగ్గితే ఫలానా పనులు ఆపాలని ముందే రాసిపెట్టాలి. పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో చిన్నపిల్లలు కూడా చెప్పుకునే ఊరిది. గాలి నిలిచిపోయిన రోజుకు ఒక నంబరు పెడితే ఇక్కడి జనానికి విడమరచి చెప్పవలసిన పని ఉండదు, ఆ నంబరు పడ్డ రోజున ఎవరి చిమ్నీ పనిచేస్తోందో వారే అడుగుతారు.